టోనీ బ్యాంక్స్ చిటికెన వేలు పట్టుకొని జెనెసిస్ బ్యాండ్ వినుడు ఎట్ల

మొన్న సంక్రాంతికి మా బామ్మర్ది మిర్యాలగూడ నుంచి నల్లగొండకు వచ్చిండు. పొద్దుగాల చాయ్ తాగుకుంట స్పీకర్‌ల ఒక పాట పెట్టిన. నిమిషం అయింది, నిమిషమున్నర కావొస్తున్నది, ఇంకా ఒక్క మాట లేదు, ఆర్గన్ లాంటి సప్పుడు ఒక్కటే వానమబ్బు కమ్ముకొచ్చినట్టు ఇల్లంతా నిండుతున్నది. "బావా, ఈ పాట ఎప్పుడు మొదలైతది?" అని అడిగిండు. మనసుల ఏం పెట్టుకొని అడగలే, నిజంగనే తెల్వక అడిగిండు. ఎందుకంటే మనకు చిన్నప్పటి సంది పాట అంటే గొంతు, బాలు పాడిండా జేసుదాసు పాడిండా అనేదే ముందు చూస్తం, గొంతు రాకముందు వచ్చేదంతా మనకు పాట కిందికి రాదు.

ఆ పొద్దు ఆయనను కూసోబెట్టి రెండు గంటలు వినిపిచ్చుకుంట చెప్పుకుంట పోయిన, పోయేటప్పుడు "ఇదంత ఒకతాన రాసిపెట్టు బావా, నేను మర్చిపోత" అన్నడు, గందుకే ఇది. ఇంగ్లీష్ రాక్ ఎన్నడూ వినకున్నా పర్లేదు, తాళం రాగం తెల్వకున్నా పర్లేదు, జర ఓపిక ఉంటే సాలు.

బ్యాండ్ పేరు జెనెసిస్. ఇంగ్లాండ్ల సర్రే దిక్కు చార్టర్‌హౌస్ అనే పెద్ద హాస్టల్ బడి ఉంటది, ఆ బడి పిలగాండ్లు 1967ల కలిసి మొదలుపెట్టిన్రు, 2022 మార్చి 26న లండన్ల ఆఖరి కచేరీ చేసిన్రు, నడిమిట్ల 15 స్టూడియో ఆల్బమ్‌లు. వీళ్లది ప్రోగ్రెసివ్ రాక్, అంటే 1960ల ఆఖర్ల కొందరు రాక్ పిలగాండ్లు మూడు నిమిషాల ప్రేమ పాట సాలదని చర్చి సంగీతం, వెస్టర్న్ క్లాసికల్, జాజ్ అన్నీ కలిపి పది నిమిషాలు ఇరవై నిమిషాలు కథ చెప్పినట్టు పాటలు కట్టుడు మొదలుపెట్టిన్రు, గా రకం.

ఈ బ్యాండ్ గురించి ఎక్కడ ఇద్దరు కలిసినా ఒక్కటే పంచాయితీ. పీటర్ గాబ్రియెల్ పాడినప్పటి జెనెసిస్ గొప్పదా, ఫిల్ కాలిన్స్ పాడినప్పటి జెనెసిస్ గొప్పదా అని. గాబ్రియెల్ 1975ల బ్యాండ్ ఇడిచి పోయిండు, తర్వాత డ్రమ్స్ కొట్టే కాలిన్సే పాడుడు మొదలుపెట్టిండు, 1980లల్ల ప్రపంచమంత మోగిపోయిన్రు. పాత అభిమానులు అది మా బ్యాండ్ కాదంటరు, కొత్తోళ్లు పాతది అర్థం కాదంటరు. నేను ఇరవై ఏండ్ల నుంచి వింటున్న, నాకు తెలిసిందేందంటే ఇది గొంతు ఎంబడి పోతే తెగని పంచాయితీ. అన్ని ఆల్బమ్‌లల్ల మొదటి సంది ఆఖరి దాక ఉన్నోళ్లు ఇద్దరే, కీబోర్డ్ వాయించే టోనీ బ్యాంక్స్, బేస్ గిటార్ మైక్ రూథర్‌ఫర్డ్. మీరు బ్యాంక్స్ చేతిని పట్టుకొని పోండి, పాడేటోడు ఎవరైనా కానీ, తొవ్వ తప్పిపోరు.

మా నల్లగొండ పక్కన పానగల్లుల ఛాయా సోమేశ్వరుని గుడి ఉంది కదా, పొద్దు ఎటు తిరిగినా లింగం మీద స్తంభం నీడ కదలకుండ ఉంటది. చిన్నప్పుడు బడి నుంచి తీస్కపోయినప్పుడు మేం పొద్దుగాల చూసి, అన్నం తిని మళ్ల పోయి చూసినం, గట్లనే ఉన్నది. బ్యాంక్స్ ఈ బ్యాండ్ల గా నీడ లాంటోడు.

మొదటి ఆల్బమ్‌తోని మొదలుపెట్టకండి

నేను చేసిన తప్పు ఇదే. ఏదైనా మొదటి నుంచి వినాలె అనే పట్టుదలతోని 1969ల వచ్చిన మొదటి ఆల్బమ్ పెట్టిన, ఇదేనా ఇంత పేరున్న బ్యాండ్ అనుకొని పక్కకు పెట్టేసిన, మళ్ల ముట్టుకునేసరికి ఏడాది పట్టింది. ఆ ఏడాది పోయినందుకు ఇప్పటికీ బాధ అనిపిస్తది. అప్పటికి వాళ్లు పద్దెనిమిది పందొమ్మిదేండ్ల పిలగాండ్లు, అదే బడిల చదువుకున్న జొనాథన్ కింగ్ అనే నిర్మాత బ్యాండ్‌కు పేరు పెట్టి రికార్డ్ చేపిచ్చిండు, మీదికెల్లి వయొలిన్లు గియొలిన్లు కలిపిండు. ఆల్బమ్ పేర్ల బైబిల్ మాటలున్నయని షాపులోళ్లు దాన్ని దేవుని పాటల అరల పెట్టిన్రని కథ చెప్తరు. అమ్ముడు పోలే. దాన్ని అన్నీ విన్నంక ఎప్పుడో ఒకసారి వినండి, అప్పుడు ముద్దొస్తది.

1970ల వచ్చిన ట్రెస్పాస్ మంచిగుంటది కాని అది కూడ ఆగనీయండి. అది అయినంక గిటార్ వాయించే ఆంథనీ ఫిలిప్స్ స్టేజీ మీద భయం తట్టుకోలేక బ్యాండ్ ఇడిచిపెట్టిండు. బ్యాంక్స్, గాబ్రియెల్, రూథర్‌ఫర్డ్ మిగిలిన్రు. డ్రమ్మర్ కావాలని మెలొడీ మేకర్ అనే సంగీత పత్రికల ప్రకటన ఇచ్చిన్రు, దాన్ని చూసి వచ్చినోడే ఫిల్ కాలిన్స్. గాబ్రియెల్ వాళ్ల అమ్మనాయినల ఇంట్ల పరీక్ష. కాలిన్స్ జల్ది పోయిండు, నీ వంతు వచ్చేదాక స్విమ్మింగ్ పూల్ల ఈత కొట్టమన్నరు, ఆయన నీళ్లల్ల ఉండి లోపట మిగతా డ్రమ్మర్లు వాయిస్తున్నదంత విన్నడు, వంతు వచ్చేసరికి పాటలన్నీ నోటికొచ్చినయి. పిలగాండ్లు ఎవరన్నా వాయిద్యం నేర్చుకునేటోళ్లు ఉంటే ఈ ముచ్చట తప్పకుండ చెప్పండి, చెవుల పని ఎంత ముఖ్యమో తెలుస్తది. 1971 మొదట్ల గిటార్ కోసం స్టీవ్ హాకెట్ వచ్చిండు. ఐదుగురు కుదిరిన్రు.

వినే ముందు

ఫోన్ స్పీకర్ల వినకండి. బేస్, అంటే కింది బరువైన సప్పుడు, రాదు, బేస్ రాకపోతే రూథర్‌ఫర్డ్ మొత్తం మాయమైతడు. రెండు చెవులకు వేరే వేరే సరిగ్గ వినిపిచ్చే వైరు ఇయర్‌ఫోన్ మామూలుదైనా సాలు. షఫుల్ బంద్ పెట్టండి, ఈ ఆల్బమ్‌లల్ల పాటల వరుస కూడ కట్టుడుల భాగమే. ఇంకో ముచ్చట, ఆప్‌ల నడిమిట్ల యాడ్ వచ్చిందంటే పాణం పోయినట్టయితది, కాబట్టి యాడ్స్ రాకుండ చూసుకోండి, లేకపోతే సీడీ ఎవరి దగ్గరన్న ఉంటే అడగండి.

మొదటి పాట

1973ల వచ్చిన సెల్లింగ్ ఇంగ్లాండ్ బై ద పౌండ్ ఆల్బమ్ తియ్యండి, అండ్ల ఫర్త్ ఆఫ్ ఫిఫ్త్ అనే పాట. తొమ్మిదిన్నర నిమిషాలుంటది. నాలుగైదు సార్లు వినాలె, ప్రతిసారి ఒక్క పని పెట్టుకొని వినాలె. మా బామ్మర్దికి ఎట్ల వినిపిచ్చిన్నో గట్లనే చెప్త.

మొదటిసారి మొదటి నిమిషం ఒక్కటే వినండి, ఆపెయ్యండి. ఒక్క పియానో, ఇంకేం ఉండదు. బ్యాంక్స్. వాగు నీళ్లు రాళ్ల మీదికెల్లి దుంకినట్టు ఉంటది, ఎక్కడ దెబ్బ పడుతదో అందాజ దొరకది, ఎందుకంటే తాళం లెక్క మారుకుంట పోతది, ఒకసారి రెండు, ఒకసారి పదమూడు, ఒకసారి పదిహేను అట్ల. లెక్క పట్టుకోవాలని చూడకండి. ఆ నిమిషాన్ని మూడుసార్లు వినండి, రాగం మీ లోపట కూసోవాలె, తర్వాత అది మళ్ల వస్తది, అప్పుడు గుర్తుపట్టాలె.

రెండోసారి మూడో నిమిషం దగ్గరికి పోండి. పాడుడు ఆగుతది, సప్పుడంత తగ్గుతది, సన్నగ పిల్లనగ్రోవి వస్తది, అది వాయించేది గాబ్రియెలే. మెల్లగ, జాలిగ ఉంటది, సందేళ ఒక్కరే చెరువు కట్ట మీద కూసున్నట్టు. ఈ రాగాన్ని నోటితోని ఊకొట్టుకుంట పాడగలిగేదాక ముందుకు పోకండి. ఇదే కిటుకు.

మూడోసారి పాట మొత్తం పెట్టండి. పిల్లనగ్రోవి అయినంక పియానో ఆ రాగాన్ని తీసుకుంటది, మెల్లమెల్లగ బరువెక్కుతది, అప్పుడు డ్రమ్స్ వస్తయి, మొదటి నిమిషంల ఒంటరిగ విన్న పియానో రాగం ఉంది కదా, అది ఇప్పుడు సింథసైజర్ అనే కరెంటు కీబోర్డ్ మీద బ్యాండ్ మొత్తంతోని తిరిగి వస్తది. మా బామ్మర్ది ఇక్కడ కుర్చీల ముందుకు జరిగిండు, "ఇది మొదట్ల విన్నదే కదా" అన్నడు. అవును అదే. అది అయినంక హాకెట్ గిటార్ లేస్తది. వాయించేది ఏంది, మీరు నోటితోని పాడుకున్న పిల్లనగ్రోవి రాగమే. ఒక్కొక్క స్వరాన్ని అంత పొడుగు లాగుతడు, అది గిటారా ఎవరన్న ఏడుస్తున్నరా అన్నట్టుంటది. చిన్నగ ఇన్న రాగం ఆకాశమంత అయి తిరిగొస్తది. ఈ ఒక్క పాటల ఇది పట్టుకుంటే సాలు, జెనెసిస్ పాటలు ఎట్ల కడతరో మీకు తెలిసిపోయినట్టే: ముందు చిన్నగ చెప్తరు, నడిమిట్ల దాస్తరు, ఆఖర్ల పెద్దగ చేసి తెస్తరు.

తాళం లెక్క

చాలమంది ఇక్కడనే ఆగిపోతరు, తల ఊపుదామంటే కుదరది అని. మన సినిమా పాటలు ఎక్కువ నాలుగు, లేకపోతే మూడు ఆరు లెక్కల పోతయి. వీళ్లు ఏడు, తొమ్మిది, పదమూడు వాడుతరు. భయపడే పని లేదు, మన సంగీతంల ఇవి ఎనుకటి సంది ఉన్నయి. ఏడుకు "తకిట తకధిమి" అనుకోండి, కచేరీలల్ల మిశ్ర చాపు అంటరు. తొమ్మిదికి "తకధిమి తకతకిట", సంకీర్ణ చాపు.

అదే ఆల్బమ్‌ల సినిమా షో అనే పాట ఉంది, పదకొండు నిమిషాలు, దాని రెండో సగం ఏడు మీద పోతది. తొడ మీద ఏలుతోని కొట్టుకుంట వినండి, రెండు నిమిషాలకు ఏలు దానంతట అదే కొడతది. ఆ ముక్కల వాయించేది ముగ్గురే, బ్యాంక్స్, రూథర్‌ఫర్డ్, కాలిన్స్. ఇది 1973. ఐదేండ్లు తిరిగేసరికి బ్యాండ్‌ల మిగిలేది సరిగ్గ ఈ ముగ్గురే. నేను ఈ పాట విన్నప్పుడల్ల ముందు జరగబోయేదంత ఈడనే రాసిపెట్టి ఉన్నది కదా అనిపిస్తది.

కథ చెప్పుడు, యేషం కట్టుడు

ఇప్పుడు ఇంక గాబ్రియెల్ గురించి. మన దిక్కు ఒగ్గుకథ చూసినోళ్లకు ఈయన కొత్తోడు అనిపియ్యడు. మల్లన్న కథల ప్రధాన కథకుడే కాసేపు రాజయితడు, కొంగు ఏసుకొని ఆడమనిషి అయితడు, ముసలోడయితడు, ఎనుక డోలు తాళాలు మోగుతుంటయి, మనం తెల్లారేదాక కూసుంటం, మనిషి మగోడే అని తెలిసినా ఆమె ఏడిస్తే మనం ఏడుస్తం. గాబ్రియెల్ చేసింది ఇదే. 1972ల డబ్లిన్ కచేరీల బ్యాండోళ్లకు కూడ ముందుగాల చెప్పకుండ భార్య ఎర్ర గౌను తొడుక్కొని నెత్తికి నక్క తలకాయ పెట్టుకొని స్టేజీ మీదికి వచ్చిండు. తర్వాత పువ్వు లెక్క ముఖానికి రేకులు పెట్టుకున్నడు, గబ్బిలం రెక్కలు పెట్టుకున్నడు, ముసలోని ముఖం తగిలిచ్చుకున్నడు.

పాటకు పాటకు నడిమిట్ల కథలు చెప్పేటోడు, దానికి ఒక అవసరం కూడ ఉండె. హాకెట్, రూథర్‌ఫర్డ్ పన్నెండు తీగల గిటార్లు వాయించేటోళ్లు, వాటిని శృతి చేసుకోవాలంటే టైం పడుతది, జనం ఊకె కూసుంటే బాగుండదని ఈయన కథ ఎత్తుకునేటోడు. పన్నెండు తీగల గిటార్ సప్పుడు తెలుసుకోండి, జంట తీగలు ఒక్కసారే మోగి జలతారు లెక్క మెరుస్తది, మన పాలమూరు దిక్కు పన్నెండు మెట్ల కిన్నెర ఉంది కదా, పద్మశ్రీ వచ్చిన దర్శనం మొగులయ్య వాయించేది, వాయిద్యం పూర్తిగ వేరే అనుకోండి, కాని వాయిద్యం ఊకుంటే కథ, కథ ఊకుంటే వాయిద్యం అన్నట్టు పోయే ఆ పద్ధతి తెలిసిన చెవికి ఈ పాటలు దగ్గరైతయి.

పాట మాటలు ముందుగాల చదువుకోండి. ఉదాహరణకు 1971 నర్సరీ క్రైమ్ ఆల్బమ్‌ల మ్యూజికల్ బాక్స్ అనే పాట. కథ ఏందంటే ఇద్దరు చిన్నపిల్లలు ఆడుకుంటుంటరు, పిల్ల క్రోకే అనే ఆటల బంతిని కొట్టే కట్టెతోని పిలగాని తల ఎగరగొడతది, తర్వాత వాని పాటల పెట్టె తెరిస్తే వాడు దయ్యమై లేస్తడు, చూస్తుండంగనే ముసలోడైపోతడు, లోపట మనసు మాత్రం చిన్నపిలగానిది. ఇది తెల్వకుండ వింటే ఆఖర్ల ఆ అరుపులేందో అర్థం కావు, తెలిసి వింటే రోమాలు లేస్తయి.

చిట్యాల నుంచి చౌటుప్పల్ దాక

1972 ఫాక్స్‌ట్రాట్ ఆల్బమ్. మా బామ్మర్ది పాట ఎప్పుడు మొదలైతదని అడిగింది అండ్ల మొదటి పాట గురించే. ఆ నిమిషమున్నర మోగేది మెలొట్రాన్. అదొక చిత్రమైన పెట్టె, ప్రతి మెట్టు కింద ఒక టేపు ముక్క ఉంటది, దాని మీద నిజమైన వయొలిన్ల సప్పుడో కోరస్ సప్పుడో రికార్డ్ చేసి ఉంటది, మెట్టు నొక్కితే టేపు తిరుగుతది, ఎనిమిది సెకండ్లకు అయిపోతది, ఇడిచిపెట్టి మళ్ల నొక్కాలె. బ్యాంక్స్ దాంతోని ఎంత బరువైన సప్పుడు తీసిండంటే అప్పటి దాక నాకు కీబోర్డ్ అంటే చిన్న చూపు ఉండె, ఆ పొద్దుతోని పోయింది.

ఇదే ఆల్బమ్ ఆఖర్ల సప్పర్స్ రెడీ, దగ్గర దగ్గర 23 నిమిషాలు, ఏడు భాగాలు. దీనికి నేను కనిపెట్టిన పద్ధతి బస్సు. నల్లగొండ నుంచి హైదరాబాద్ పోయేటప్పుడు నార్కట్‌పల్లి దాటి చిట్యాల వచ్చినంక కిటికీ పక్కన కూసొని పెట్టండి, ట్రాఫిక్ లేకపోతే చౌటుప్పల్ దగ్గరికి వచ్చేసరికి దాదాపు అయిపోతది. ఇంట్ల అయితే ఎవరో పిలుస్తరు, బస్సుల ఎవరూ పిలవరు.

మొదట్ల పన్నెండు తీగల గిటార్లు, రాత్రిపూట ఇద్దరు ఆలుమగలు ఇంట్ల కూసున్నరు, మెల్లగ లోకం మారిపోతున్నది. నడిమిట్ల యుద్ధం, తర్వాత విల్లో ఫార్మ్ అనే పిచ్చి తోట, గాబ్రియెల్ పువ్వు ముఖం పెట్టుకునేది గీడనే. తర్వాత పిల్లనగ్రోవి, శాంతం. అప్పుడు ఆరో భాగం వస్తది, తొమ్మిది లెక్క. బైబిల్ల లోకం అంతమయ్యే ఘట్టం ఉంటది కదా, అది. కింద రూథర్‌ఫర్డ్, కాలిన్స్ తొమ్మిది వదలకుండ కొడుతుంటరు, మీద బ్యాంక్స్ ఆర్గన్ ఆ లెక్కతోని సంబంధం లేనట్టు తన దారిన తను తిరుగుతుంటది, ఒకసారి కలుస్తది, మళ్ల ఇడిపోతది. ఇక్కడ మీరు డ్రమ్స్ ఎంబడి పోకండి, ఆర్గన్ ఎంబడి పోండి, ఊపిరి బిగవట్టినట్టయితది, తెగిపోతది అనుకున్నకాడ మెలొట్రాన్ విచ్చుకుంటది, గాబ్రియెల్ గొంతు పైకి లేస్తది, మొదట్ల ఆ ఆలుమగల దగ్గర విన్న రాగం అంత పెద్దగై మళ్ల వస్తది. ఫర్త్ ఆఫ్ ఫిఫ్త్‌ల నేర్చుకున్నది ఇక్కడ అక్కెరకొస్తది. మొదటిసారి నాకు ఇది కుదిరింది ఒక వానాకాలం పొద్దున, పక్క సీట్ల ఎవరో పెద్దమనిషి "ఏమైంది బిడ్డా" అని అడిగిండు, కండ్లల్ల నీళ్లు వచ్చినయి, నాకు తెల్వనే లేదు.

గాబ్రియెల్ పోయినంక

1974 ఆఖర్ల ద లాంబ్ లైస్ డౌన్ ఆన్ బ్రాడ్వే వచ్చింది, రెండు రికార్డుల ఆల్బమ్, న్యూయార్క్‌ల రాయెల్ అనే పిలగాని కథ. మొదటి నెలల దీన్ని ముట్టకండి, కార్పెట్ క్రాలర్స్ అనే ఒక్క పాట వినిపెట్టుకోండి, దానితోని ఆఖర్ల పని ఉంది. దీన్ని మొత్తం ఆల్బమ్ వాయించుకుంట 102 కచేరీలు చేసిన్రు, అది అయినంక గాబ్రియెల్ ఇడిచిపెట్టిండు. బిడ్డ పుట్టినప్పుడు ఆ పసిబిడ్డ పాణం మీదికొచ్చింది, ఆయనకు ఇంటికాడ ఉండాలె, బ్యాండ్‌కు పని ఆగొద్దు, అక్కడ మాట మాట పెరిగింది. ఎవరిదీ తప్పు అనను నేను.

పాడేటోని కోసం వందల మందిని చూసిన్రు, ఎవరూ కుదరలే, ఆఖరికి ఎనుక డ్రమ్స్ కొడుతున్న కాలిన్సే పాడిండు. 1976 ఎ ట్రిక్ ఆఫ్ ద టెయిల్. వినండి, వినుకుంట మొదటి నుంచి బ్యాంక్స్ చేతినే పట్టుకొని ఉన్నోళ్లకు ఏం తెగినట్టు అనిపియ్యది. గొంతుల కూడ పెద్ద తేడా ఉండది, ఎందుకంటే ఐదేండ్ల నుంచి గాబ్రియెల్ ఎనుక వంత పాడింది కాలిన్సే. 1977ల హాకెట్ కూడ పోయిండు, ముగ్గురు మిగిలిన్రు, వచ్చే ఏడు ఆల్బమ్‌కు ముగ్గురమే మిగిలినం అనే అర్థం వచ్చేటట్టు పేరు పెట్టుకున్నరు, అండ్లనే ఫాలో యూ ఫాలో మీ అనే చిన్న ప్రేమ పాట హిట్ అయింది.

1980 డ్యూక్ వాళ్లకు ఇంగ్లాండ్ల మొదటి నంబర్ వన్ ఆల్బమ్. అండ్ల టర్న్ ఇట్ ఆన్ అగేన్ పాట రేడియోల మోగిన పాట, అందరూ ఎగిరిన్రు, కాని లెక్క పెట్టి చూడండి, పదమూడు. ఆరు ఒకసారి ఏడు ఒకసారి. పాప్ అయిపోయిన్రు అని తిట్టేటోళ్లకు ఈ పాట వినిపిచ్చి తొడ మీద తాళం వెయ్యమనండి.

1980లను తీసిపారెయ్యకండి. 1983ల మామా అనే పాటల డ్రమ్ మెషీన్ పొడిపొడిగ కొడుతుంటది, దాని మీద బ్యాంక్స్ ఒక్క స్వరాన్ని చలి గాలి లెక్క పట్టి ఉంచుతడు, కాలిన్స్ నవ్వు విని చిన్నపిల్లలు భయపడతరు. అదే ఆల్బమ్‌ల హోమ్ బై ద సీ, ఒక దొంగ ఇంట్ల జొరబడితే ఆడ ఉన్న దయ్యాలు వాన్ని పట్టుకొని కూసోబెట్టి మా కథ ఇనుమంటయి. మ్యూజికల్ బాక్స్ దయ్యం గుర్తుందా? పన్నెండేండ్లకు మళ్ల గదే ఇంటికి వచ్చినట్టు.

డ్రమ్స్ సప్పుడు గురించి ఒక్క మాట. 1980లల్ల పాటలల్ల డ్రమ్ దబ్బున పేలినట్టు మోగి టక్కున ఆగిపోతది కదా, మన సినిమా పాటలల్లకు కూడ వచ్చింది. అది పుట్టింది గాబ్రియెల్ 1980 సొంత ఆల్బమ్‌ల, కొట్టింది కాలిన్స్, రికార్డ్ చేసింది హ్యూ ప్యాడ్‌హామ్. బ్యాండ్ ఇడిచిన ఐదేండ్లకు కూడ పాత దోస్తును పిలిచిండు గాబ్రియెల్, తీరా చూస్తే లోకం పాటల సప్పుడే మారింది. 1986ల ఇన్విజిబుల్ టచ్ అమెరికాల నంబర్ వన్ అయితే దాన్ని దింపి పైకెక్కింది గాబ్రియెల్ పాట స్లెడ్జ్‌హామర్. అప్పటికి జెనెసిస్ ఊపు ఎంతుండెనంటే 1987ల లండన్ల ఉన్న వెంబ్లీ స్టేడియంల వరుసగ నాలుగు రాత్రులు నిండిపోయినయి. 1991ల ఇంకో పెద్ద ఆల్బమ్, తర్వాత కాలిన్స్ పోయిండు, 1997ల రే విల్సన్ అనే ఆయన ఒక్క ఆల్బమ్ పాడిండు, గొంతు మంచిదే, పాటలు కుదరలే.

గాబ్రియెల్ సంగతి మనోళ్లు ఇంకో కారణానికి తెలుసుకోవాలె. 1982ల వోమాడ్ అనే ఉత్సవం మొదలుపెట్టిండు, అన్ని దేశాల సంగీతాన్ని ఒక్కతాన వినిపియ్యాలని, మొదటి ఏడే అప్పుల పాలయిండు. అప్పుడు ఇడిచిపెట్టిన పాత బ్యాండే వచ్చి అదే ఏడు అక్టోబర్‌ల మిల్టన్ కీన్స్‌ల ఆయన అప్పు తీర్చనీకి ఒక కచేరీ చేసింది. ఇది నాకు వాళ్ల పాటలంత ఇష్టమైన ముచ్చట. ఆ వోమాడ్ స్టేజీ మీదనే 1985ల పాకిస్తాన్ ఖవ్వాలీ గాయకుడు నుస్రత్ ఫతే అలీ ఖాన్ పాడిండు, గాబ్రియెల్ రియల్ వరల్డ్ కంపెనీ ఆయన రికార్డులు తీసింది. మన దిక్కు ఉర్సు రాత్రి దర్గా ముందట ఖవ్వాలీ విన్నోళ్లకు ఆ రికార్డులు ఇంటి సొమ్ము లెక్క అనిపిస్తయి.

ఒక సాయంత్రం చేసే పని

ఇవన్నీ ఒక నెల రెండు నెలలు విన్నంక, ఒక సాయంత్రం ఖాళీ పెట్టుకొని కార్పెట్ క్రాలర్స్ పాటను నాలుగుసార్లు వరుసగ వినండి. ముందు 1974ది, గాబ్రియెల్ పాడింది. తర్వాత 1977 సెకండ్స్ ఔట్ లైవ్ ఆల్బమ్‌లది, అదే పాట కాలిన్స్ పాడింది. తర్వాత 1999ల మళ్ల చేసింది, అండ్ల ఇద్దరూ పాడిన్రు. ఆఖర్ల, కాలిన్స్ మళ్ల వచ్చి బ్యాండ్‌ల కలిసినంక చేసిన 2022 మార్చి లండన్ కచేరీ వీడియో చూడండి, జెనెసిస్ స్టేజీ మీద వాయించిన ఆఖరి పాట అదే. కాలిన్స్ నిలబడలేడు, వీపు ఆపరేషన్లు అయి నరాలు దెబ్బతిన్నయి, కుర్చీల కూసొని పాడుతుంటడు. డ్రమ్స్ కొట్టేది ఆయన కొడుకు నిక్. గాబ్రియెల్ జనంల కూసొని చూస్తున్నడు. కెమెరా ఎక్కువ కాలిన్స్ ముఖం మీదనే ఉంటది, మీరు మాత్రం పక్కన తెల్లవడ్డ జుట్టుతోని కీబోర్డ్ వాయించే బ్యాంక్స్ చేతులు ఎప్పుడు కనిపిస్తయా అని చూడండి. అవే వేళ్లు, 1974ల ఎట్ల మెల్లగ వాయిస్తూ మొదలుపెట్టినయో గట్లనే మొదలుపెడతయి.